ఐదెకరాల తుంపరలో బతికిన కిహాన్సీ కప్ప

టాంజానియాలోని ఉడ్జుంగ్వా కొండల అంచున కిహాన్సీ నది ఉన్నట్టుండి కిందికి దిగుతుంది. నాలుగు కిలోమీటర్ల దూరంలోనే దాదాపు 850 మీటర్ల ఎత్తు నుంచి దూకి కిలొంబెరో లోయలో కలుస్తుంది. ఈ దిగుడు పొడవునా జలపాతాలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. నీరు రాతికి కొట్టుకుని లేచే తుంపర, ఆ ఉరవడికే పుట్టే గాలితో కలిసి, పక్క వాలులను రాత్రీ పగలూ తడిపేది. ఎండాకాలమనీ వానాకాలమనీ తేడా ఉండేది కాదు. నిత్యం నీళ్లు చిందే ఆ నేలలో చెట్లు ఎదగలేదు. నాచు, ఫెర్న్‌లు, సెలాజినెల్లా అనే పాకుడు మొక్క, గడ్డి ఒత్తుగా పరుచుకున్నాయి. ఆ తుంపర పచ్చికలన్నీ కలిపితే రెండు హెక్టార్లు, అంటే ఐదెకరాలు. నెక్టోఫ్రినాయిడెస్ ఆస్పర్జినిస్ అనే చిన్న పసుప్పచ్చ కప్పకు ప్రపంచంలో ఉన్న చోటు అంతే. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంత ఇరుకైన సొంతగడ్డ ఉన్నవి చాలా అరుదు.

ఈ కప్ప శాస్త్రవేత్తల కంట పడింది 1996లో. అప్పటికే కిహాన్సీ మీద జలవిద్యుత్ కేంద్రం పనులు సాగుతున్నాయి. ఆ ప్రాజెక్టు కోసం చేసిన పర్యావరణ సర్వేలోనే ఇది దొరికింది. 1990ల చివర్లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. 2000లో నదిని సొరంగంలోకి మళ్లించారు. 2005 మే తర్వాత ఆ లోయలో దాన్ని చూసినవారు లేరు. 2009లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య, అంటే ఐయూసీఎన్, దీన్ని ప్రకృతిలో అంతరించిన జాతుల జాబితాలో చేర్చింది. దొరికిన నాటి నుంచి కనుమరుగైన నాటికి పదేళ్లు కూడా నిండలేదు. ఆనకట్ట లేకపోతే ఈ కప్ప ఉన్నట్టు మరికొన్నేళ్లపాటు ఎవరికీ తెలిసేదే కాదేమో.

వానాకాలంలో మన ఇళ్ల వీధి దీపం కింద పురుగుల కోసం కాచుకుని కూర్చునే గోదురుకప్పది, దీనిదీ ఒకే కుటుంబం. ఆకారంలో మాత్రం పోలిక వెతకడం కష్టం. కిహాన్సీ ఆడకప్ప మహా అయితే 29 మిల్లీమీటర్లు, మగది 19 మిల్లీమీటర్లు. ఒళ్లు పసుపు, రెండు పక్కలా గోధుమరంగు చారలు. బయటికి కనిపించే కర్ణభేరి లేదు. ఆడకప్పను గాజుపలక మీద కూర్చోబెట్టి కింది నుంచి చూస్తే పొట్ట చర్మం పలుచగా, వెలుగు ప్రసరించేలా ఉంటుంది. గర్భంతో ఉన్నదైతే లోపల పెరుగుతున్న పిల్లలు ఆ చర్మం గుండా కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టడానికి కోత కోయనక్కరలేదు.

పిల్లలు అనే మాటను ఇక్కడ అక్షరాలా తీసుకోవాలి. కప్ప అనగానే నీటిలో గుడ్లు, తోకకప్పలు గుర్తొస్తాయి. గోదురుకప్పలు తాళ్లలాంటి జిగురు వరుసల్లో వేలకొద్దీ గుడ్లు పెట్టి, వాటి మానాన వదిలేసి పోతాయి. కిహాన్సీ కప్ప గుడ్లు పెట్టదు. ఫలదీకరణ తల్లి ఒంట్లోనే జరుగుతుంది. తోకకప్ప దశ కూడా అండవాహికలోనే ముగుస్తుంది. గుడ్డులోని సొన తిని పెరిగిన పిల్ల, నాలుగు కాళ్లతో పూర్తి కప్పగా బయటికి వస్తుంది. పుట్టినప్పుడు దాని పొడవు ఐదు మిల్లీమీటర్లు, బియ్యపు గింజంత. ఒక కాన్పులో పుట్టేవి సుమారుగా పది. ప్రపంచంలో ఏడు వేలకు పైగా ఉన్న కప్ప జాతుల్లో ఇలా పిల్లల్ని కనేవి ఒక శాతం కూడా లేవు.

ఈ గుణం తుంపర నేల కోసమే ఏర్పడిందని అనుకోవడం తేలిక, కానీ అది సరికాదు. తూర్పు ఆఫ్రికా కొండ అడవుల్లో బతికే దీని దగ్గరి బంధువులకూ ఇదే పద్ధతి ఉంది. అయితే కిహాన్సీలో అది బాగా అక్కరకు వచ్చింది. నీళ్లు నిలవని నిట్రవాలు మీద తోకకప్పలు ఎక్కడ పెరగాలి? పారే నీటిలో వేస్తే కొట్టుకుపోతాయి. తల్లి కడుపే వాటికి గుంట అయింది. ఈ సౌకర్యానికి ఒక ధర కూడా ఉంది. వేలల్లో గుడ్లు పెట్టే జాతి సంఖ్య ఒక ఏడాది కుప్పకూలినా, మంచి వాన పడితే మరుసటి ఏడాది కోలుకోగలదు. పదేసి పిల్లల్ని కనే జాతికి ఆ వెసులుబాటు లేదు. ఐదెకరాల్లో ఎన్నడూ కరువెరగని కప్పకు ఆ వెసులుబాటు అవసరం కూడా అంతవరకు రాలేదు.

కిహాన్సీ ప్రాజెక్టు కాగితం మీద చాలా మంచి ప్రాజెక్టు. ఈ సంగతి దాటవేస్తే మిగతా కథ అర్థం కాదు. ఆనకట్ట ఎత్తు 25 మీటర్లే. జలాశయం చిన్నది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించాల్సిన పని లేదు. నీటిని కొండ లోపలి సొరంగం గుండా కిందికి దింపి, భూగర్భ విద్యుత్ కేంద్రంలో 60 మెగావాట్ల చొప్పున మూడు టర్బైన్లు తిప్పడం పథకం. మొత్తం 180 మెగావాట్లు. విద్యుత్ కోతలతో సతమతమవుతున్న దేశానికి అది పెద్ద అండ. ప్రపంచ బ్యాంకుతో పాటు నార్వే, స్వీడన్, జర్మనీ వంటి దేశాల సంస్థలు డబ్బు సమకూర్చాయి. ముంపు తక్కువ, నిర్వాసితులు తక్కువ, విద్యుత్తు ఎక్కువ. పెద్ద ఆనకట్టల మీద అప్పటికి ప్రపంచమంతటా వస్తున్న విమర్శలకు ఇది జవాబుగా కనిపించింది.

లోపం ఆ లెక్కలోనే ఉంది. ఆనకట్ట కడుతున్నామంటే ముందుగా చూసేది ముంపు: ఎన్ని ఎకరాలు మునుగుతాయి, ఎన్ని ఊళ్లు పోతాయి, ఎంత అడవి పోతుంది. శ్రీశైలం నుంచి పోలవరం దాకా మన దగ్గర జరిగిన వాదనలన్నీ ముంపు మండలాల చుట్టూ తిరిగినవే, వాటికి తగిన కారణాలూ ఉన్నాయి. కిహాన్సీలో పోయింది మునిగే నేల కాదు, ఎండే నేల. నష్టం ఆనకట్టకు ఎగువన కాదు, దిగువన, మనుషులు మామూలుగా అడుగుపెట్టని నిట్రలోయలో ఉంది. తొలి పర్యావరణ అంచనాల్లో ఆ లోయ మీద తగినంత దృష్టి పెట్టలేదు. లోతైన సర్వే మొదలయ్యేసరికి కాంక్రీటు పనులు సాగుతున్నాయి, అప్పులు ఖరారయ్యాయి. కప్ప దొరికాక ఆనకట్ట కట్టాలా వద్దా అన్న ప్రశ్న వేయడానికి సమయం మించిపోయింది. మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఎంత నీరు వదలాలి?

నదిలో సెకనుకు సగటున 16 ఘనమీటర్ల నీరు పారేది. మన పత్రికల లెక్కలో 560 క్యూసెక్కుల పైచిలుకు. టర్బైన్లు తిరగడం మొదలయ్యాక జలపాతానికి మిగిలింది రెండు ఘనమీటర్లకు లోపే. నీరు పదోవంతుకు పడిపోతే తుంపర కూడా పదోవంతుకు తగ్గుతుందనుకుంటాం. ఇక్కడ అంతకన్నా ఎక్కువే పోయింది. తుంపరను దూరానికి చిమ్మేది నీటి పరిమాణం ఒక్కటే కాదు, అది పడే ఉరవడి లేపే గాలి కూడా. సన్నగా జారే ధారకు ఆ గాలి ఉండదు. కొన్ని నెలల్లోనే పచ్చికలు ఎండసాగాయి. బయటి కలుపు మొక్కలు లోపలికి పాకాయి. తడి నేల మీదికి ఎప్పుడూ రాని చీమల దండ్లు రావడం మొదలుపెట్టాయి. కప్పలు మిగిలిన తడి చోట్లకు చేరి గుమికూడాయి.

అప్పుడు వచ్చిన పరిష్కారం స్ప్రింక్లర్లు. ఎగువ నుంచి పైపులు దింపి, మోటార్లు లేకుండా వాలు ఒత్తిడితోనే సన్నని నాజిళ్ల గుండా తుంపర చిమ్మే ఏర్పాటును 2000-2001లో లోయలో బిగించారు. ఐదెకరాల్లో కొంత భాగానికే అది సరిపోయింది. జలపాతపు తుంపరలో ఉండే ఒండ్రు, గాలి ఈ కృత్రిమ తుంపరలో లేవు. అయినా అది పనిచేసింది. తగ్గిన కప్పల సంఖ్య మళ్లీ పుంజుకుంది. 2003 మధ్యలో వేసిన అంచనా 20 వేల దరిదాపుల్లో ఉంది. ప్రాజెక్టును సమర్థించేవారు ఊపిరి పీల్చుకోదగ్గ అంకె అది.

ఆ తర్వాత కొన్ని నెలల్లోనే లోయ ఖాళీ అయింది. 2004 జనవరిలో వెతికినవారికి కనిపించినవి మూడు కప్పలు. మరో రెండు మగకప్పల కూత వినిపించింది, అంతే.

ఏం జరిగింది? అనుమానితులు ముగ్గురు. మొదటిది స్ప్రింక్లర్లలో తలెత్తిన అంతరాయాలు. రెండోది పురుగుమందు. 2003 మధ్యలో ఆనకట్ట తూములు ఎత్తి అడుగున చేరిన ఒండ్రును కిందికి వదిలారు. ఎగువ మొక్కజొన్న చేలలో వాడే ఎండోసల్ఫాన్ లాంటి మందులు ఆ బురదతో లోయలోకి దిగి ఉంటాయన్న అనుమానం అప్పటి నుంచీ ఉంది. మూడోది కైట్రిడ్ శిలీంధ్రం. 2003లో చనిపోయిన కప్పల చర్మంలో దాని జాడలు దొరికాయి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం పాత నమూనాలను పరిశీలించి, కప్పలను నేరుగా తుడిచిపెట్టింది ఈ వ్యాధేనని తేల్చింది.

కైట్రిడ్ గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. దీని పూర్తి పేరు బట్రాకోకైట్రియం డెండ్రోబటిడిస్. శాస్త్రలోకం దాన్ని గుర్తించి పేరు పెట్టింది 1999లో, కిహాన్సీ కప్పకు పేరు వచ్చిన కాలంలోనే. కప్పకు చర్మం ఒంటిని కప్పే పొర మాత్రమే కాదు. అది నీరు తాగేదీ, లవణాల సమతూకం నిలుపుకొనేదీ చర్మంతోనే, ఊపిరిలో కొంత భాగమూ దాని గుండానే. కైట్రిడ్ ఆ చర్మంలోని కెరాటిన్ పొరలో కాపురం పెడుతుంది. రక్తంలో సోడియం, పొటాషియం పడిపోతాయి, చివరికి గుండె ఆగిపోతుంది. శిలీంధ్రపు బీజకణాలు నీటిలో ఈదుతూ ఒక కప్ప నుంచి మరో కప్పకు చేరతాయి. చల్లదనం, తేమ వాటికి ఇష్టం. అంటే కిహాన్సీ కప్పను బతికించిన పరిస్థితులే ఈ వ్యాధికీ అనువైనవి. 2019లో ప్రకటించిన ఒక అంతర్జాతీయ లెక్క ప్రకారం ఈ వ్యాధి వల్ల 501 ఉభయచర జాతులు క్షీణించాయి. వాటిలో 90 అంతరించిపోయాయని భావిస్తున్నారు.

అదే శిలీంధ్రం అన్నిచోట్లా ఒకేలా చంపదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2018 నాటి అధ్యయనం ప్రకారం, భారత్‌లోని కప్పల్లో కైట్రిడ్ ఉంది, జన్యుపరంగా రకరకాలుగా కూడా ఉంది, కానీ సోకిన కప్పల శాతం తక్కువ. మధ్య అమెరికాలో, ఆస్ట్రేలియాలో చూసినలాంటి మూకుమ్మడి మరణాలు ఇక్కడ నమోదు కాలేదు. ఈ వ్యాధి ఆసియాలో పుట్టిందని జన్యు పరిశోధనలు సూచిస్తున్నాయి. దానితో ఎంతో కాలంగా కలిసి బతికిన కప్పలు ఏదో ఒక విధంగా తట్టుకుంటున్నాయని అనుకోవచ్చు. కిహాన్సీ కప్పకు ఆ పరిచయం లేదు. ఆ శిలీంధ్రం లోయలోకి ఎలా వచ్చిందో తేలలేదు. అయితే ఆనకట్ట కట్టేవారు, పైపులు బిగించేవారు, సర్వేలు చేసేవారు అప్పటికి కొన్నేళ్లుగా బూట్లతో, పరికరాలతో ఆ లోయలోకి వస్తూ పోతూ ఉన్నారు.

వ్యాధే చంపింది కాబట్టి ఆనకట్టకు పాపం అంటదు అనే వాదన ఇక్కడే మొదలవుతుంది. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ నిలవదు. కోస్టారికాలోని మాంటెవెర్డే మబ్బు అడవిలో ఆనకట్ట ఏదీ లేదు. అక్కడి బంగారు కప్పలు 1987లో 1,500కు పైగా కనిపించాయి, 1988లో పదో పదకొండో, 1989లో ఒకటి, ఆ తర్వాత ఏమీ లేవు. ఏ ప్రాజెక్టూ లేకుండానే కప్పలు మాయమవుతాయనడానికి ఇది రుజువే. కానీ కిహాన్సీలో 2003 నాటి కప్పలు తమ పాత ఐదెకరాల్లో లేవు. పైపులు తడిపిన ముక్కల్లో ఇరుకుగా, నాజిళ్లు నడిస్తేనే బతికే స్థితిలో ఉన్నాయి. అంటువ్యాధికి ఇరుకు ఎంత అనుకూలమో కోళ్లఫారం నడిపిన ఎవరైనా చెబుతారు. వ్యాధి ఆనకట్ట లేకపోయినా వచ్చి ఉండవచ్చు. వచ్చాక తట్టుకోవడానికి కావలసిన చోటు, సంఖ్య, నిలకడ మాత్రం అంతకు మూడేళ్ల ముందే పోయాయి.

జాతి పూర్తిగా పోకపోవడానికి కారణం 2000 చివర్లో తీసుకున్న ఒక ముందుజాగ్రత్త. నదిని మళ్లించిన కొద్ది నెలలకే 499 కప్పలను పట్టి అమెరికాలోని బ్రాంక్స్ జూకు విమానంలో పంపారు. అక్కడి నుంచి మరికొన్ని జూలకు పంచారు. తొలి ఏళ్లు ఘోరంగా గడిచాయి. లోయలో వాటికి ఏం వెలుగు అందేదో, ఏ పురుగులు తినేవో ఎవరూ పూర్తిగా చదివి ఉండలేదు. ఊపిరితిత్తుల్లో నులిపురుగులు, పోషకాల లోపం, అంటురోగాలు వరుసపెట్టి చంపాయి. 2004 చివరికి అన్ని జూలలో కలిపి మిగిలినవి 70 లోపే, అవీ బ్రాంక్స్, టొలీడో జూలలో మాత్రమే. లోయలో కప్పలు తుడిచిపెట్టుకుపోయిన కాలమూ అదే. ఆ రెండు గదుల్లో ఏదైనా తేడా జరిగి ఉంటే కథ అక్కడితో సరి.

వాటిని నిలబెట్టింది పెద్ద ఆవిష్కరణ ఏదీ కాదు. అతినీలలోహిత కిరణాలు తగినంత ఇచ్చే దీపాలు, లవణాలు తీసేసి శుద్ధి చేసిన నీరు, గడియారం ప్రకారం చిమ్మే తుంపర, స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న గెంతే పురుగులు, పండ్ల ఈగలు, అప్పుడే పుట్టిన చిమ్మెటలు కలిపిన మేత, వాటిపై చల్లే విటమిన్ పొడి. ఈ మెళకువలు పట్టుబడ్డాక కప్పలు కనడం మొదలుపెట్టాయి, కొన్నేళ్లలో వేలయ్యాయి. 2010 ఆగస్టులో వంద కప్పలు దార్ ఎస్ సలాం విశ్వవిద్యాలయంలో కట్టిన పెంపక కేంద్రానికి తిరిగి వచ్చాయి. 2012లో సుమారు 2,000 కప్పలను కిహాన్సీ లోయలో వదిలారు. ప్రకృతిలో అంతరించిందని ప్రకటించిన ఒక ఉభయచరాన్ని తిరిగి దాని సొంత చోట వదలడం ప్రపంచంలో చాలా అరుదు.

ఆ వార్త అప్పట్లో విజయగాథగా తిరిగింది. అది తొందరపాటు. ఆ తర్వాత కూడా విడతలవారీగా కప్పలను వదులుతూ వచ్చారు, కానీ మనిషి సాయం లేకుండా నిలిచే సంతతి ఏర్పడిందని చెప్పే రోజు రాలేదు. ఐయూసీఎన్ జాబితాలో దాని స్థానమూ మారలేదు. కైట్రిడ్ లోయను వదిలిపోలేదు, దాన్ని మోసుకు తిరిగే ఇతర కప్పలు అక్కడే ఉన్నాయి. తరతరాలుగా శుభ్రమైన గాజుపెట్టెల్లో పుట్టిన కప్పలకు ఆ వ్యాధీ కొత్తే, చీమల దండూ కొత్తే. అన్నింటికీ మించి, అవి వెళ్తున్నది జలపాతం దగ్గరికి కాదు, స్ప్రింక్లర్ దగ్గరికి. నాజిళ్లలో ఒండ్రు చేరితే తీయాలి, పైపు పగిలితే మార్చాలి, సిబ్బందికి జీతం ఇవ్వాలి. ప్రకృతిలోకి వదిలాం అని రాసుకున్నా, నిజానికి ఒక నిర్వహణ బడ్జెట్‌లోకి వదిలినట్టే. కిహాన్సీ లోయకే ప్రత్యేకమైన ఒక కాఫీ జాతి కూడా ఈ తడి తగ్గడంతో దెబ్బతిన్నది. దాని కోసం విమానాలు రాలేదు.

నీటిని కొంత పెంచితే ఏమవుతుంది? ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. 850 మీటర్ల దిగుడులో సెకనుకు ఒక ఘనమీటరు నీరు సుమారు ఏడున్నర మెగావాట్లు ఇస్తుంది. జలపాతానికి అదనంగా నాలుగు ఘనమీటర్లు వదిలితే పోయేది 30 మెగావాట్లు. 2000లో టాంజానియాకు అది మోయలేని నష్టం, అలా అన్నవారిని తప్పుపట్టలేం. ఇప్పుడు రుఫిజి నది మీద 2,115 మెగావాట్ల జూలియస్ నైరేరే కేంద్రం వచ్చింది. 2024లో దాని తొలి టర్బైన్లు తిరగడం మొదలైంది. ఆ కేంద్రం ఒక్కదాని సామర్థ్యంతో పోల్చినా 30 మెగావాట్లు ఒకటిన్నర శాతం లోపే. నాలుగు ఘనమీటర్లతో పాత తుంపర పూర్తిగా తిరిగి వస్తుందన్న హామీ లేదు, కైట్రిడ్ పోదు. కానీ పైపులు తడపలేని పచ్చికలు కొన్ని మళ్లీ తడుస్తాయి, ఒండ్రు మళ్లీ చేరుతుంది. పైగా ఆ నీరు వృథా పోదు. కిహాన్సీ జలపాతం మీదుగా దూకిన నీరు కిలొంబెరోలో కలిసి, అక్కడి నుంచి రుఫిజిలోకి చేరి, చివరికి నైరేరే టర్బైన్ల దగ్గరికే వస్తుంది. అక్కడ దిగుడు చాలా తక్కువ కాబట్టి వదులుకున్న విద్యుత్తులో కొంత భాగమే తిరిగి దక్కుతుంది.